వాము: ఎంత, ఎలా, ఎందాకా?

రాత్రి భోజనం కాస్త ఆలస్యమైంది. సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీల మీద పప్పన్నం, ఆ పైన పెరుగన్నం పడ్డాయి. పడుకునే వేళకు పొట్ట బిగుసుకుపోయింది, తేన్పు వచ్చినట్టే వచ్చి ఆగిపోతోంది, ఎటు తిరిగి పడుకున్నా నిద్ర పట్టదు. అప్పుడు మీరేం చేస్తారు? వంటింట్లోకి వెళ్ళి వాము డబ్బా మూత తీస్తారు. అరచేతిలో కాస్త పోసుకుని, రెండు ఉప్పు రాళ్ళు కలిపి నమిలి, గోరువెచ్చటి నీళ్ళు తాగుతారు. కాసేపటికి ఒక పెద్ద తేన్పు వచ్చి ప్రాణం కుదుటపడుతుంది. మంచి అలవాటే. దాన్ని మాన్పించడానికి ఈ అధ్యాయం రాయడం లేదు. అయితే ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంత వేసుకోవాలి? ఎలా వాడాలి? ఎందాకా దీన్నే నమ్ముకుని కూర్చోవాలి? మొదటి రెండింటికీ మన ఇళ్ళలో ఎంతో కొంత జవాబు ఉంది. మూడోదాన్ని మాత్రం చాలామంది అడగనే అడగరు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచిన మాట ఒక్కటే. వాములో నిజంగా మందు గుణం ఉంది. అందుకే దానికి మోతాదు, పద్ధతి, హద్దు కావాలి. ఏ గుణమూ లేని దినుసైతే ఎంత తిన్నా, ఎవరికి పెట్టినా పెద్ద తేడా ఉండదు. శరీరం మీద ప్రభావం చూపే దినుసును మాత్రం ‘ఇంట్లోదే కదా’ అని కళ్ళు మూసుకుని వాడలేం. వామును చిన్నచూపు చూసేవాళ్ళూ, సర్వరోగ నివారిణి అనేవాళ్ళూ ఇద్దరూ ఈ సంగతి మరిచిపోతున్నారు.

వాములో ఏముంది?

జీలకర్ర, ధనియాలు, సోంపు, ఇంగువ ఏ కుటుంబానికి చెందినవో వాము కూడా ఆ కుటుంబానిదే. మనం గింజలంటున్నవి నిజానికి దాని ఎండిన కాయలు. రాజస్థాన్, గుజరాత్‌లలో దీన్ని విరివిగా పండిస్తారు. మన దగ్గర కర్నూలు జిల్లా నల్లరేగడి పొలాల్లో వానాధారంగా పండుతుంది. చిటికెడు వాము అరచేతిలో వేసి బొటనవేలితో గట్టిగా నలిపి చూడండి. ముక్కుపుటాలు అదిరే ఘాటు వస్తుంది. కాయ మీది సన్నని గీతల పక్కన, తొక్కలో దాగి ఉన్న నూనె గొట్టాలు చిట్లడం వల్ల వచ్చే వాసన అది. వాము బరువులో సుమారు 2 నుంచి 4 శాతం ఆవిరయ్యే నూనె ఉంటుంది. ఆ నూనెలో సగం అటూ ఇటూగా థైమాల్ అనే పదార్థం. వాము మందు గుణానికి ప్రధాన కారణం ఇదే.

థైమాల్ కథ వింటే మీ డబ్బాలోని గింజల మీద గౌరవం పెరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ రసాయన పరిశ్రమ మన దేశపు వామును కొనుక్కుని దాని నుంచి థైమాల్ తీసేది. 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరీన్ పుక్కిలింత మందులో థైమాల్ ఒక భాగం. హైదరాబాదులో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ సీసాలో నీలగిరి తైలం, కర్పూరం, పిప్పరమెంటు పువ్వులతోపాటు థైమాల్ కూడా ఉంది. 19వ శతాబ్దంలో మన దేశంలో పనిచేసిన వైద్యుడు ఎడ్వర్డ్ జాన్ వేరింగ్ బజారులో దొరికే మందుల గురించి రాసిన పుస్తకంలో వాము నీళ్ళకు చోటిచ్చాడు. ఆయుర్వేదం యవాని పేరుతో దీన్ని ఆకలి పుట్టించే, వాతాన్ని అణిచే ద్రవ్యాల్లో చేర్చింది. దేశాలు వేరు, వైద్య పద్ధతులు వేరు. అయినా ఇన్నిచోట్ల ఈ దినుసు మీద నమ్మకం కుదిరిందంటే దాన్ని గుడ్డి నమ్మకమని తోసిపుచ్చలేం. ఇక దాన్ని సరిగా వాడుకునే దారి చూద్దాం.

సరిగా వాడుకునే ఆరు మెట్లు

1. ముందు మీ బాధ ఏమిటో తేల్చుకోండి. ‘గ్యాస్’ అనే ఒక్క మాటలో మనం నాలుగైదు రకాల బాధలను కలిపేస్తాం. తిన్న గంటకో రెండు గంటలకో పొట్ట ఉబ్బి, బిగదీసినట్టుండి, తేన్పు వచ్చినా గాలి పోయినా తేలికపడుతోందా? అది వాముకు లొంగే బాధ. గుండెల్లో మంట, పులితేన్పులు, పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్ళు రావడం ఉన్నాయా? అది ఆమ్లం పైకి ఎగదన్నడం. ఘాటైన వాము అక్కడ మంటను పెంచవచ్చు. రెండు మూడు రోజులుగా విరేచనం కాక పొట్ట బరువెక్కిందా? అప్పుడు కావలసింది నీళ్ళు, పీచుపదార్థం, కదలిక. పాలు తాగిన ప్రతిసారీ పొట్ట గడబిడ అవుతోందా? పాలలోని చక్కెర మీకు అరగడం లేదేమో చూడాలి. వాము నమిలితే ఆ చక్కెర అరగదు. ఈ ఒక్క మెట్టు దగ్గర రెండు నిమిషాలు ఆగితే సగం పొరపాట్లు జరగకుండా పోతాయి.

2. మోతాదును చెంచాతో కొలవండి, గుప్పెటతో కాదు. పెద్దవాళ్ళకు ఒకసారికి పావు చెంచా నుంచి అర చెంచా చాలు. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీ చెంచా. అర చెంచా వాము ఇంచుమించు గ్రాము పైచిలుకు తూగుతుంది. ఒక గ్రాము వాములో 3 శాతం నూనె ఉందనుకుంటే 30 మిల్లీగ్రాములు. అందులో సగం థైమాల్ అనుకుంటే 15 మిల్లీగ్రాములు. తేన్పు రప్పించడానికి, బిగుసుకున్న పొట్టను కాస్త సడలించడానికి ఇంటి అనుభవంలో ఈ పాటి సరిపోతూ వచ్చింది. ఒకసారి వేసుకుని అరగంట, ముప్పావు గంట ఆగి చూడండి. తగ్గలేదని వెంటనే ఇంకో చెంచా, ఆ వెంటనే మరొకటి వేసుకుంటే ఉబ్బరం పోవడం అటుంచి కడుపులో మంట మొదలవుతుంది. రోజులో రెండుసార్లు మించి అవసరం పడిందంటే ప్రశ్న మోతాదుది కాదు, బాధకు మూలం ఎక్కడుందన్నది.

3. ఘాటును గిన్నెలోనే ఉంచండి. వాము నూనె ఆవిరయ్యే గుణం కలది. మూత లేని గిన్నెలో పావుగంట కళపెళా మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ కప్పులో మిగిలేది రంగు నీళ్ళే. అందుకే ఇలా చేయండి. అర చెంచా వామును అప్పటికప్పుడు చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తని పొడి అక్కర్లేదు, తొక్క చిట్లితే చాలు. దాన్ని గ్లాసులో వేసి, మరిగిన నీళ్ళు ఒక కప్పు, అంటే 200 మిల్లీలీటర్లు పోసి వెంటనే మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాలాగి, మూత లోపలివైపు పట్టిన నీటి చుక్కలను కూడా గ్లాసులోకే జార్చండి. ఆవిరైన నూనెలో కొంత వాటిలోనే ఉంటుంది. వడకట్టుకుని, గోరువెచ్చగా, గుక్క గుక్కగా తాగండి. థైమాల్ నీటిలో కొద్దిగానే కరుగుతుంది కాబట్టి నమిలి తిన్న వాము కంటే ఈ నీళ్ళు సౌమ్యంగా ఉంటాయి. కడుపు సున్నితంగా ఉన్నవాళ్ళు నమలడం కంటే ఈ పద్ధతే ఎంచుకోవడం మేలు.

4. వీలైతే మందుగా కంటే వంటగా తినండి. మన వంటల్లో వాము ఎక్కడెక్కడ పడుతుందో గమనించారా? శనగపిండితో చేసే బజ్జీల్లో, బియ్యప్పిండి జంతికల్లో, చేగోడీల్లో, సంక్రాంతికి తెలంగాణ ఇళ్ళలో చుట్టే సకినాల్లో, చామదుంపల వేపుడులో వేస్తాం. పిండి, నూనె, దుంప ఎక్కువగా ఉండి పొట్టకు బరువనిపించే చోటే వాము వేయడం మనవాళ్ళ అలవాటు. ఈ పద్ధతిలో మోతాదు దానంతటదే హద్దులో ఉంటుంది. నలుగురు తినే పళ్ళెంలో చెంచా వాము పడితే ఒక్కొక్కరికి చేరేది చిటికెడే. నంజుకోవడానికి వేరే ఏమీ లేకుండానే వేడి అన్నంలో చెంచా నెయ్యి, దోరగా వేయించి దంచిన పావు చెంచా వాము, తగినంత ఉప్పు కలుపుకుని నాలుగు ముద్దలు తినడం కూడా నోటికి రుచి తగ్గినప్పుడు బాగుంటుంది. అయితే బజ్జీల్లో వాము వేశాం కదా అని పది బజ్జీలు లాగిస్తే వాము చేయగలిగేదేమీ లేదు.

5. మంచి సరుకు కొనండి, కొంచెమే కొనండి. మంచి వాము ఆకుపచ్చ ఛాయ కలిసిన గోధుమ, బూడిద రంగులో ఉంటుంది. నలిపితే ఘాటు వెంటనే రావాలి, నాలుక మీద వేస్తే చురుక్కుమని కాస్త మొద్దుబారినట్టుండాలి. వాసన లేని, నల్లబడిన, దుమ్ము రాలే సరుకులో నూనె ఎప్పుడో ఎగిరిపోయింది. యాభై, వంద గ్రాములు కొని, గాలి చొరని సీసాలో, పొయ్యి వేడి తగలని చోట పెట్టుకోండి. పొడి కొట్టి నిలవ ఉంచకండి. ఏడాది కిందటి వాము పనిచేయలేదని మోతాదు రెట్టింపు చేసేవాళ్ళున్నారు. సరుకు మార్చడం అంతకన్నా తెలివైన పని.

6. వాము పని వాముకు, మీ పని మీకు. ఉబ్బరానికి వాము ఉపశమనమే ఇస్తుంది. ఉబ్బరం పుట్టడానికి కారణాలు మీ పళ్ళెంలో, మీ గడియారంలో ఉంటాయి. గబగబా మింగితే అన్నంతోపాటు గాలీ మింగుతాం. సోడాలు, కూల్‌డ్రింకులు తాగితే గ్యాసును సీసాలోంచి నేరుగా పొట్టలోకి పోసుకున్నట్టే. శనగలు, రాజ్మా, అలసందల్లో మన జీర్ణరసాలు విడగొట్టలేని చక్కెరలు ఉంటాయి; పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టడం వల్ల గాలి పుడుతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో మెత్తగా ఉడికిస్తే ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉంచి, తిన్నాక పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే చాలామందికి వాము అవసరమే రాదు. ఒక వారం పాటు ఏ పూట ఏం తిన్నారు, ఎప్పుడు ఉబ్బరం వచ్చింది అని చిన్న పుస్తకంలో రాసి చూడండి. మీకు పడని పదార్థం ఏదో ఆ కాగితం మీదే బయటపడుతుంది.

ఎక్కువమంది చేసే ఐదు పొరపాట్లు

1. గుండె నొప్పిని గ్యాసనుకోవడం. ఈ అధ్యాయంలో ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి. యాభై దాటిన మనిషి, షుగరు ఉంది. తెల్లవారుజామున ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుంది, వొళ్ళంతా చెమటలు. ‘రాత్రి తిన్న గారెలు అరగలేదు’ అనుకుని వాము నమిలి, సోడా తాగి, ఇంకో గంట చూద్దామని పడుకుంటాడు. ఆ గంటే అన్నిటికన్నా విలువైన గంట. మూసుకుపోయిన రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత ఎక్కువగా దక్కుతుంది. ఛాతీలో నొప్పి గానీ బరువు గానీ ఎడమ చేతికో, భుజానికో, దవడకో, వీపుకో పాకుతున్నా, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండడం తోడైనా వాము డబ్బా వైపు వెళ్ళకండి. 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో నొప్పి స్పష్టంగా లేకుండా ఉత్త నీరసం, ఆయాసం, పొట్ట పైభాగంలో ఇబ్బందిగా మాత్రమే గుండెపోటు కనిపించవచ్చు. ఈసీజీ తీశాక ఉత్త గ్యాసేనని తేలితే సిగ్గుపడాల్సిందేమీ లేదు, సంతోషించాల్సిందే.

2. పసిపిల్లలకు వాము నీళ్ళు పట్టడం, వాము పొగ వేయడం. నెల బిడ్డ సాయంత్రమయ్యేసరికి గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంట్లో ఎవరో ఒకరు ‘కడుపులో నొప్పేమో, రెండు చుక్కలు వాము నీళ్ళు పట్టండి’ అంటారు. ప్రేమతో చెప్పే మాటే. కానీ మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నీళ్ళతో, ఆ ఉగ్గు గిన్నెతో సూక్ష్మజీవులు లోపలికి పోతే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ వయసు ఏడుపు ఆరో వారం దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకల్లా చాలామంది బిడ్డల్లో దానంతటదే తగ్గిపోతుంది. భుజాన వేసుకుని తేన్పు తీయించడం, ఎత్తుకుని తిప్పడం చాలు. జ్వరం, ఆకుపచ్చ వాంతులు, పాలు తాగకపోవడం ఉంటే డాక్టరు దగ్గరకే పరుగెత్తాలి. నిప్పుల మీద వాము చల్లి బిడ్డకు పొగ పట్టించడం కూడా ఇలాంటిదే. వాసన ఎంత మంచిదైనా పొగ పొగే. లేత ఊపిరితిత్తులకు అది చేసేది చెరుపే. బాలింత భోజనంలో వాము వేసి పెట్టండి, అభ్యంతరం లేదు. పొగను మాత్రం గదిలోకి రానివ్వకండి.

3. పేరు చూసి మోసపోవడం. పచారీ కొట్టులో, మూలికల అంగడిలో ‘వాము’ అనే మాట తగిలిన సరుకులు ఇంకా ఉన్నాయి. పెరట్లో కుండీలో పెరిగే దళసరి వామాకు మొక్క వేరు, మన వాము మొక్క వేరు. వాసన కలవడం వల్ల ఆ పేరొచ్చింది, బజ్జీలకు బాగుంటుంది, భయం లేదు. ఖురాసాని వాము మాత్రం పూర్తిగా వేరే జాతి, ఉమ్మెత్త కుటుంబానిది. దానిలో మత్తు కలిగించే విష పదార్థాలున్నాయి. పొరపాటున తింటే నోరెండిపోవడం, కంటిపాపలు పెద్దవి కావడం, మతి తప్పి మాట్లాడడం వంటి లక్షణాలు వస్తాయి. వైద్యుడు కొలిచి ఇవ్వాల్సిన మందు అది, ఇంట్లో వాడేది కాదు. ఇక వాము పువ్వు అని అమ్మే స్ఫటికాలు శుద్ధమైన థైమాల్. ఇందాకటి లెక్క ప్రకారం ఒక గ్రాము పువ్వులో సుమారు 67 గ్రాముల వాము బలం ఉంటుంది. నేరుగా నాలుక మీద వేసుకుంటే నోరు కాలుతుంది. వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరం ఒక సీసాలో వేస్తే వాటంతటవే కరిగి ద్రవమవుతాయి. అమృతధార పేరుతో వాడేది ఇదే. అందులోని కర్పూరం చిన్నపిల్లలు మింగితే మూర్ఛ రావచ్చు కాబట్టి ఆ సీసా వాళ్ళకు అందనంత ఎత్తులో ఉండాలి.

4. విరేచనాలకు వామునే నమ్ముకోవడం. నీళ్ళ విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది వంట్లో నీరు, లవణాలు ఖర్చయిపోవడం. వాముకు వాటిని తిరిగి నింపే శక్తి లేదు. ఆ పని చేసేది ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. పిల్లలకు డాక్టరు సలహాతో జింక్ కూడా ఇవ్వాలి. కడుపులో మెలిపెడుతోందని పెద్దవాళ్ళు పక్కన కాసిన్ని వాము నీళ్ళు తాగితే తప్పులేదు. ఓఆర్ఎస్‌కు బదులుగా తాగితే మాత్రం తప్పే.

5. రోజూ పరగడుపున తాగడం. వాము నీళ్ళు తాగితే నెలలో పొట్ట కరిగిపోతుందని ఫోనులో వీడియోలు తిరుగుతున్నాయి. కొవ్వు కరిగించడానికి ఒక చెంచా గింజలు చాలని నమ్మడానికి తగిన ఆధారమేదీ లేదు. పొద్దున్నే వేడినీళ్ళు తాగాక నాలుగు ఇడ్లీల చోట మూడు తిని, గంట నడిచినవాళ్ళు బరువు తగ్గితే ఆ ఘనత మానేసిన ఇడ్లీది, నడకది. పైగా అల్సర్, గుండెల్లో మంట ఉన్నవాళ్ళకు ఖాళీ కడుపులో రోజూ ఘాటు పడితే బాధ పెరుగుతుంది. గర్భిణులు వంటలో వేసే పాటికి మించి వాడకపోవడం మంచిది. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళు రోజూ వాము మందుగా తీసుకోవాలనుకుంటే ముందుగా డాక్టరుకు చెప్పాలి.

మీరు అడగబోయే ప్రశ్నలు

‘మా తాతముత్తాతల నుంచి వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు కదా?’ ఈ మాటలో బలముంది. తరాల వాడకం అంటే చిన్న విషయం కాదు. వంటలో వేసే మోతాదులో వాము పెద్దలకు హాని చేయదని చెప్పడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో చూడాలి. చిటికెడు తిన్న తరాల అనుభవం గుప్పెడు తినేవాళ్ళకు హామీ ఇవ్వదు. వాము నమిలి ఉబ్బరం తగ్గినవాళ్ళు ఆ సంగతి పదిమందికి చెప్పారు. గుండెపోటును గ్యాసనుకుని వాము నమిలి పోయినవాళ్ళు చెప్పడానికి మిగలలేదు. అందువల్ల ఇంటి అనుభవంలో గెలుపులే ఎక్కువగా వినిపిస్తాయి. పెద్దలను గౌరవించడమంటే వాళ్ళకు తెలిసినదాన్ని నిలుపుకుంటూ, వాళ్ళకు అందుబాటులో లేని ఈసీజీనీ ఓఆర్ఎస్‌నూ దానికి జత చేసుకోవడమే.

‘వాము కడుపులో పురుగులను చంపుతుందని శాస్త్రమే ఒప్పుకుంది కదా?’ ఒప్పుకున్న మాట నిజమే, కానీ ఏ మోతాదులో? 1909 నుంచి 1914 దాకా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకి పురుగుల నిర్మూలనకు రాక్‌ఫెల్లర్ ఇచ్చిన డబ్బుతో ఒక సంస్థ పనిచేసింది. వాళ్ళు వాడిన మందు థైమాలే. పెద్దవాళ్ళకు ఇంచుమించు 4 గ్రాములు విడతలుగా ఇచ్చి, ఆ తర్వాత విరేచనాల మందు పట్టేవారు. థైమాల్ రక్తంలో కలిస్తే ప్రమాదమని ఆ రోజు నూనె పదార్థాలు, సారాయి ముట్టనిచ్చేవారు కాదు. ఆ 4 గ్రాముల థైమాల్ రావాలంటే మన లెక్కలో పావుకిలో పైన వాము కావాలి. ఎవరైనా ఒక్క రోజులో పావుకిలో వాము తినగలరా? తింటే తట్టుకోగలరా? అందుకే అర చెంచా వాముతో నులిపురుగులు పోతాయని పిల్లల విషయంలో ధీమాగా కూర్చోకూడదు. 2015 నుంచి మన దేశంలో జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు; ఫిబ్రవరి 10న 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. రెండేళ్ళు దాటినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అంతకన్నా చిన్నవాళ్ళకు సగం. బడిలో ఇచ్చే ఆ మాత్రను ‘ఇంగ్లీషు మందు’ అని పారేయించి ఇంట్లో వాము పెట్టడం బిడ్డకు చేసే మేలు కాదు.

‘మరి వాము మీద పరిశోధనలు ఎన్నో జరిగాయంటారు కదా?’ జరిగాయి. థైమాల్ సూక్ష్మజీవులను అడ్డుకుంటుందనీ, పేగు కండరాల బిగింపును సడలిస్తుందనీ ప్రయోగశాలల్లో, జంతువుల మీద చూశారు. అయితే గాజు పళ్ళెంలో సూక్ష్మజీవి చావడానికీ, మనిషి కడుపులో రోగం నయం కావడానికీ మధ్య చాలా దూరం ఉంది. మింగిన పదార్థం కరగాలి, కావలసిన చోటికి చేరాలి, తగినంత బలంతో నిలవాలి, పక్క అవయవాలకు చెరుపు చేయకూడదు. ఇవన్నీ తేలేది మనుషుల మీద జాగ్రత్తగా చేసిన పరీక్షల్లోనే. వాము విషయంలో అలాంటివి చాలా తక్కువ. కాబట్టి నిజాయతీగా చెప్పగలిగిన మాట ఇది: తిన్నది అరగక వచ్చే ఉబ్బరానికి వాము ఉపశమనమిస్తుందనడానికి సుదీర్ఘమైన అనుభవం ఉంది, దాన్ని సమర్థించే రసాయన కారణం ఉంది. షుగరు, బీపీ, కీళ్ళవాతం, క్యాన్సర్ తగ్గిస్తుందని చెప్పేవాళ్ళ దగ్గర ఆ రెండూ లేవు.

‘అయితే ఇన్ని జాగ్రత్తల మధ్య వాము వాడడం ఎందుకు, ఒక మాత్ర వేసుకుంటే పోలేదా?’ చీటికీ మాటికీ మాత్రలు మింగడం కూడా మంచి అలవాటేమీ కాదు. గ్యాసు మాత్ర పేరుతో నెలల తరబడి ఆమ్లాన్ని తగ్గించే మందులు సొంతంగా కొనుక్కుని వాడేవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు? పెళ్ళి భోజనం ఎక్కువైన రాత్రి కప్పు వాము నీళ్ళతో తీరే బాధకు మందుల కొట్టు దాకా వెళ్ళనవసరం లేదు. ఖర్చు లేదు, చేయడానికి పది నిమిషాలు చాలు, వేడి నీళ్ళు తాగుతూ కాసేపు నిటారుగా కూర్చోవడం కూడా పొట్టకు మేలే చేస్తుంది. జలుబు చేసినప్పుడు దోరగా వేయించిన వామును పల్చటి గుడ్డలో మూటకట్టి వాసన పీల్చడం కూడా ఇలాంటిదే. జలుబు త్వరగా పోదు, ముక్కు తెరుచుకున్నట్టనిపించి ఆ రాత్రి కాస్త హాయిగా గడుస్తుంది. ఆ హాయి చాలు, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. మూట వేడి మరీ ఎక్కువగా లేకుండా ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకోండి.

ఎందాకా? గీత ఇక్కడ గీయండి

మొదట వదిలిన మూడో ప్రశ్నకు జవాబు ఇప్పుడు సూటిగా చెప్పుకుందాం. ఎప్పుడో ఒకసారి తిండి ఎక్కువై వచ్చిన ఉబ్బరమైతే వాముతో సరిపెట్టుకోండి. వారంలో మూడు నాలుగు రోజులు వాము కావలసి వస్తూ, అలా రెండు వారాలు గడిస్తే వాము పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, మలం తారులా నల్లగా పోవడం, నెత్తురు వాంతి, పదేపదే వాంతులు, ఆకలి చచ్చిపోవడం, కళ్ళు పచ్చబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండు వారాలు కూడా ఆగవద్దు. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగి, కదిలితే పోటు పెడుతున్న నొప్పి అపెండిక్స్ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పొట్ట రాయిలా గట్టిపడి గాలి కూడా పోకపోతే అదీ అంతే. నలభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తిని, ఇంతకుముందు ఎన్నడూ లేదు కాబట్టి, ఇంకా శ్రద్ధగా చూపించుకోండి.

ఈ గీతను ఇంట్లో అందరికీ తెలిసేలా చేయడం మీ చేతుల్లోని పని. ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసి వాము సీసాకు అంటించండి: ‘పెద్దలకు అర చెంచా, రోజుకు రెండుసార్లు మించకుండా. ఆరు నెలల లోపు బిడ్డకు వద్దు. ఛాతీలో బరువు, చెమట ఉంటే 108. రెండు వారాలకు తగ్గకపోతే డాక్టరు.’ అర్ధరాత్రి నిద్రమత్తులో సీసా అందుకున్న మనిషికి పుస్తకం తెరిచే ఓపిక ఉండదు, ఆ నాలుగు ముక్కలు మాత్రం కళ్ళ ముందుంటాయి. ఈ వారమే ఆ పని చేయండి. చేసేటప్పుడు సీసాలోని వామును నలిపి వాసన చూసి, ఘాటు పోయి ఉంటే యాభై గ్రాములు కొత్తది తెచ్చుకోండి.